మీటల మీద కవరు

"తడి చేతులతో ఆ కంప్యూటర్ని ముట్టుకోబాకమే. కరెంటు గుంజిందంటే మనిషి మిగలదు," అంది కామమ్మ.

రోజా ఇంకా చేతులు తడపనే లేదు. నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని, పిండేసిన నిమ్మచెక్కతో వేళ్ళ సందులు రుద్దుకుంటోంది. రుద్దిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది. గోళ్ళ చుట్టూ తోలు రేగి ఎర్రబడింది.

"ముత్తుకూరు షాపుకు పోయేలోపల ఆరిపోతాయిలే మా," అంది తల ఎత్తకుండా.

గుడిసె ముందు ఇసుకలో పాత వల పరిచి, దాని మీద పోసిన నెత్తళ్ళను కామమ్మ చీపురుతో తిరగేస్తోంది. ఒక పక్క ఎండి తెల్లబడిన చేపలు రెండో పక్కకు దొర్లుతున్నాయి. చెయ్యి పని చేస్తోంది గాని, కళ్ళు కూతురి చేతుల మీదే ఉన్నాయి. తోలు అట్లా లేచిందంటే ఏ మాయదారి రోగమో. ముట్టుకుంటే అంటుకునేదేమో. రేపు పిల్లనడిగే వాళ్ళొచ్చి చేతులు చూస్తే ఏమంటారు?

కామమ్మకు ఏం చూసినా ముందు చావు గుర్తొస్తుంది. మిగతా కారణాలు ఆ తర్వాతే. మొగుడు చిన్నపోలయ్య పడవ రావడం కాస్త ఆలస్యమైతే ఇంజను చెడిందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పడవ తిరగబడిందనే అనుకుంటుంది. అతను ఒడ్డున దిగి, తడి గుడ్డలతో ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా ఒకసారి ముట్టుకుని చూస్తుంది.

"ఆ బొటనవేలేందే, గోరంతా నల్లబడింది?" అంది.

రోజా ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. "మీట నొక్కి నొక్కి అట్టయింది."

"మీట నొక్కితే గోరు నల్లబడతాదా? రోకలితో దంచుతుండావా ఏంది?"

రోజా నవ్వబోయి ఆగింది. చెయ్యి తుడుచుకుని, అక్కడే బోర్లించిన చేట మీద వేళ్ళు ఆనించి చూపించింది. "కొన్ని అక్షరాలు మీటల మీద ఉండవు మా. ఓం గుర్తు, ఎప్పుడో గాని రాని వత్తులు, ఇట్టాంటివి. ఓడల ఆఫీసుల వాళ్ళు విదేశాల దొరల పేర్లు తెస్తారు, వాటికి అక్షరం నెత్తిన రెండు చుక్కలో, చిన్న గీతో ఉంటాది. దానికేం చేయాలంటే, ఎడమ చేత్తో ఒక మీట అదిమి పట్టుకోవాల. వదలకుండా కుడి చేత్తో అంకెలు కొట్టాల. ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు. అంతా అయినాక ఎడమ చెయ్యి వదిలితే, అప్పుడు వస్తుంది అక్షరం."

"మధ్యలో వదిలితే?"

"రాదు. లేకుంటే ఇంకేందో వస్తుంది."

"అక్షరానికి బొట్టు పెట్టేదానికి ఇంత తిప్పలా," అంది కామమ్మ. వల లాగేటప్పుడు మొగుడు కూడా ఒక చేత్తో తాడు బిగబట్టి, రెండో చేత్తో వల చేదుతాడు. బిగబట్టిన చెయ్యి జారిందంటే అంతే సంగతులు. పని ఏదైనా చివరికి అక్కడికే వస్తుందనుకుంది.

కూతురు బస్సుకు బయల్దేరుతూ సంచి భుజానికి తగిలించుకుంటే, పైన ఇస్త్రీ చేసి మడిచిన చుడీదారు ఒకటి తొంగి చూసింది. ఒంటి మీద ఒక జత ఉండగా సంచిలో ఇంకో జత ఎందుకు? అడిగేలోపే రోజా కట్ట దాటి పోయింది.

పడవ ఒడ్డుకు తోసి వచ్చిన చిన్నపోలయ్యకు అన్నం పెడుతూ కామమ్మ ఆ మాట చెప్పింది. "ఎవుడో ఉండాడు. లేకుంటే గుడ్డలు మార్చుకునే పనేంది?"

"పనికాడ మాసిపోతాయేమోలేమే."

"కూర్చుని చేసే పనిలో గుడ్డలు మాస్తాయా?"

"నీకు భయం లేకపోతే అన్నం అరగదు గదా," అని అతను చెయ్యి కడుక్కున్నాడు.

---

మర్నాడు కామమ్మ తలకు పోసుకుంది. పెట్టె అడుగున ఉన్న పట్టుచీర తీసి కట్టుకుంది. ఉత్త చేతులతో పోవడం మర్యాద కాదని, ఇసుక తగలకుండా పట్టా మీద ఎండబెట్టిన రొయ్యలు ఏరి, తలలు తుంచి, పొట్టు చెరిగి, సంచిలో కట్టింది. ముత్తుకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా వాడెలాంటి వాడై ఉంటాడోనని ఆలోచించింది. లారీ నడిపేవాడు కావచ్చు. పోర్టులో పనికి దిగిన పరాయి రాష్ట్రం వాడు కావచ్చు. పెళ్ళయి పిల్లలున్న వాడే అయ్యుండవచ్చు.

షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంది. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, ఓడల ఏజెంట్లకు కావలసిన పేర్ల బోర్డులు చేసే చోటు. యజమాని పద్మనాభయ్య నున్నగా దువ్విన తలతో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. లోపల వరుసగా కంప్యూటర్లు. చివరి దాని ముందు రోజా, దాని పక్కనే వాణి అనే పిల్ల. పరాయి మగాడంటూ ఎవడూ లేడు. కామమ్మకు ఊపిరి ఆడింది.

"రోజా వాళ్ళమ్మను సార్," అంది చేతులు జోడించి.

"రాండమ్మా, కూర్చోండి," అన్నాడు పద్మనాభయ్య. మెత్తటి మనిషి. స్టూలు ఆయనే జరిపాడు.

అమ్మను చూసి రోజా మొహం పాలిపోయింది. నవ్వలేదు, లేవలేదు. కామమ్మ అది గమనించలేదు. ఆమె కంటికి ఆనింది కూతురి ముందున్న కీబోర్డు. మిగతా అందరివీ దుమ్ము పట్టి బోడిగా ఉన్నాయి. రోజాది మాత్రం మందంగా మెరిసే ప్లాస్టిక్ కవరులో చుట్టి, అంచులు టేపుతో అతికించి ఉంది.

కామమ్మ గుండె నిండింది. వాళ్ళ పట్టపుపాలెంలో ఊరంతా చేపలు పట్టేవాళ్ళే; అక్కడి ఉప్పు గాలికి ఇనుము నిలవదు. ఏ వస్తువైనా కొత్తగా ఇంటికొస్తే ముందు దానికి కవరు కడతారు. టీవీ రిమోటుకు కవరు. సెల్లుకు కవరు. చిన్నపోలయ్య పడవలో చేపలు చూపించే చిన్న మిషనుకు రెండు కవర్లు. విలువైన దానికే కవరు. ఇంతమందిలో తన బిడ్డ చేతికిచ్చిన దానికే కవరు కట్టించాడంటే, ఆ పెద్దమనిషికి దాని పని మీద ఎంత నమ్మకమో.

"మా పిల్ల దానికి కవరు కట్టించినారు. మీరు చల్లంగుండాల సార్," అంది.

వాణి తన స్క్రీను వైపు వంగింది. పద్మనాభయ్య దగ్గి, "ఆ... అది... దుమ్ము పడకుండా," అన్నాడు.

కామమ్మ రొయ్యల సంచి బల్ల మీద పెట్టింది. వాణి చున్నీ కొస ముక్కు దాకా వచ్చి ఆగింది. పద్మనాభయ్య కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, "ఇక్కడొద్దమ్మా, కస్టమర్లు వస్తుంటారు. బయట నా బండి డిక్కీ తీసే ఉంది, అందులో పెట్టండి," అన్నాడు. ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడిగాడు, "ఇసక లేదు గదా?"

"పట్టా మీద ఆరేసినవి సార్. ఒక్క రేణువుండదు."

తిరిగొచ్చాక ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల మంచిదేనమ్మా. మొదట్లో చకచకా చేసేది. ఈ మధ్య తప్పులు ఎక్కువైనాయి. దొరల పేర్ల మీద చుక్కలు ఎగిరిపోతున్నాయి, ఓం ఉండాల్సిన చోట ఇంకేందో పడుతోంది. ఏజెంట్లు ఊరుకోరు గదా. ఈ ఓడ బోర్డులు రేపు ఇవ్వాల, అదైనాక చూస్తాను. ఉంచేదీ లేనిదీ అప్పుడు చెప్తాను."

కామమ్మ కూతురి వైపు చూసింది. రోజా ఎడమ బొటనవేలు కవరు మీద బలంగా అదిమి ఉంది. ప్లాస్టిక్ జారుతోంది. జారకుండా మొత్తం మణికట్టు బరువంతా ఆ ఒక్క వేలు మీద వేసి, కుడి చేత్తో అంకెలు కొడుతోంది. మసకబారిన కవరు కింద అంకెలు సరిగా కనబడక, ముఖం దగ్గరగా పెట్టి చూస్తోంది. ఒకసారి జారింది. చెరిపేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

---

దుర్గ చిన్నపోలయ్యకు చెల్లెలు. ముత్తుకూరు మార్కెట్లో చేపలమ్ముతూ అక్కడే ఒక గదిలో ఉంటుంది. కామమ్మ షాపు నుంచి నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

"ఏందొదినా, పట్టుచీర కట్టుకోని చేపల్లోకి వచ్చినావు? నాకు మళ్ళీ సంబంధం ఏమన్నా తెచ్చినావా?" అంది దుర్గ, కత్తిపీట మీద మాగ చేప పొలుసు గీకుతూ.

"ఊరుకో. పిల్ల పనికాడికి పొయ్యొస్తుండా." కామమ్మ ఇటుక మీద కూర్చుంది. ఉద్యోగం ఉంటుందో పోతుందోనన్న బెంగ ఉన్నా, ముందు మంచి మాట చెప్పాలనుకుంది. "ఎంతమంది ఉండినా దాని మీటలకే కవరు కట్టించినాడమ్మా ఆయన. నేను దండం పెట్టి వచ్చినా."

దుర్గ చెయ్యి ఆగింది. పొలుసులు అంటిన చేత్తో అట్లాగే చూసింది.

"దండం పెట్టినావా?"

"ఏం?"

"వదినా, ఆ కవరు ఉప్పు గాలికి కాదు." దుర్గ చేపను పక్కన పెట్టింది. "నీ బిడ్డ చెయ్యి తగలకుండా కట్టింది. అది లేచి పోయినాక ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవాల గదా. చేపల కంపంట. మొదట్లో కట్టలేదు, మధ్యలో కట్టినారు. అది పొద్దున్నే నా గదికొచ్చి, మళ్ళీ నీళ్ళు పోసుకోని, ఇస్త్రీ గుడ్డలు కట్టుకోని పోతుండాది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించింది."

ఎదురుగా ఎవరో బేరమాడుతున్నారు. దుర్గ లేచి వాళ్ళకు చేప తూచి ఇచ్చి, వచ్చి కూర్చునేదాకా కామమ్మ అట్లాగే ఉంది.

"నేను రొయ్యలు తీసుకోని పొయినానే," అంది చివరికి. "నేనే చేతులారా వాసన ఎత్తుకోని పోయి బల్ల మీద పెట్టినాను."

"తీసుకున్నాడా లేదా?"

"ఇసక ఉందా అని అడిగినాడు."

"అడుగుతాడు. ఆదివారం నా కాడికొచ్చి, మొప్పలెత్తి వాసన చూసి మరీ తీసుకుంటాడు. మొప్పలెత్తిన ఆ వేలును మాత్రం ఎవరూ కవరులో పెట్టరు." దుర్గ కత్తిపీట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "అన్నకు చెప్పు వదినా. వచ్చి అడుగుతాడు."

"వద్దు. నీకు దండం పెడతా, మీ అన్నకు చెప్పబాక. చెయ్యి చేసుకుంటాడు. పోలీసులొస్తారు. జైల్లో పెడతారు. పిల్ల ఉద్యోగమూ పోతుంది, మొగుడూ పోతాడు." కామమ్మ అప్పటికే స్టేషను అరుగు మీద కూర్చున్నట్టు మాట్లాడింది.

---

ఇంటికొచ్చి కామమ్మ పనిలో పడింది. నెత్తళ్ళు ఆరేసిన వలను గుడిసె ముందు నుంచి లాగి దూరంగా కట్ట అవతలికి మార్చింది. రోజా గుడ్డలన్నీ తీసి విడిగా ఉతికింది. తన చీరలు ఆరేసే తాడు మీద కాకుండా పక్కింటి వాళ్ళ దడి మీద ఆరేసింది. ఆరాక మడిచి, సబ్బుబిళ్ళ ఒకటి మధ్యలో పెట్టి, రేకు పెట్టెలో పెట్టింది.

సాయంత్రం రోజా వచ్చి, ఇంటి ముందు ఖాళీ ఇసుకను చూసింది.

"వల ఏదిమా?"

"ఆడ ఎండ బాగా తగులుతుందిలే."

అన్నం తినేటప్పుడు కామమ్మ కూర గిన్నె దాని వైపు జరిపింది గాని, ఎప్పటిలా తన చేత్తో కలిపి ముద్ద పెట్టలేదు. పడుకునేటప్పుడు దుప్పటి కప్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకరితో ఒకరు షాపు సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందోనని కామమ్మ భయం. అమ్మకు తెలిసిపోయిందేమోనని రోజా భయం.

తెల్లవారి జడ వేయించుకోవడానికి రోజా గడప మీద వీపు తిప్పి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆ జడ అమ్మే వేస్తుంది. కామమ్మ దువ్వెన చేతికి తీసుకుంది. తన వేళ్ళ వైపు చూసుకుంది. రాత్రి సావడ చేపలు కోసి ఉప్పు పెట్టిన చేతులు. మూడుసార్లు కడిగింది. అయినా గీతల్లో ఏముందో ఎవరికి తెలుసు? ఈ చేతులు తల మీద పెడితే, జుట్టులోంచి ఆ షాపు దాకా పోదా? ఇవాళ అక్కడ బోర్డులు ఇచ్చేది. ఇవాళే ఆయన ఉంచేదీ లేనిదీ చెప్పేది.

చూరులో దోపిన ప్లాస్టిక్ సంచులు రెండు లాగి, చేతులకు తొడుక్కుని, మణికట్టు దగ్గర ముడి వేసుకుంది. మెల్లగా పాయలు తీసింది.

గరగరమని చప్పుడైంది. రోజా మెడ బిగిసింది. రెండో పాయ దగ్గర తల వెనక్కి తిప్పి చూసింది.

కామమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"నువ్వు కూడా కట్టినావా మా," అంది రోజా.

గొంతు పెంచలేదు. ఏడవలేదు. సగం వేసిన జడ తనే ముందుకు లాక్కుని, చివర ఒట్టి ముడి వేసుకుని, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. గిన్నెలో చద్దన్నం అట్లాగే ఉంది.

కామమ్మ గడప మీద కూర్చుని చేతుల వైపు చూసుకుంది. సంచుల లోపల చెమట పట్టి, వేళ్ళు మసకగా, ఎవరివో అయినట్టు కనబడుతున్నాయి. ముడి విప్పడానికి పళ్ళతో లాగింది. అది రాలేదు. చింపేసింది.

ఈసారి చీర మార్చుకోలేదు. ఆలోచిస్తే భయమేస్తుందని ఆలోచించకుండా నడిచింది. బస్సులో భయమేసింది. దిగి వెనక్కి పోదామనుకుంటుండగానే ముత్తుకూరు వచ్చింది.

---

షాపులో ఎవరో ఓడల ఏజెంటు మనిషి బోర్డులు బల్ల మీద పడేసి పోయినట్టున్నాడు. పద్మనాభయ్య వాటిని ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. రోజా ఎదురుగా నిలబడి ఉంది.

"చూడమ్మా, ఒక్కదాని మీదా చుక్కల్లేవు. మనుషుల పేర్లమ్మా ఇవి, ఆటలా?" ఆయన గొంతు అప్పుడూ మెత్తగానే ఉంది. "నీ మీద నాకు కోపం లేదు. రేపటి నుంచి రావద్దులే."

కామమ్మ గుమ్మంలో నిలబడింది. ఒంటి మీద పనిచీర, కొంగున ఆరిన పొలుసులు. ఆయన చూశాడు. రోజా చూసింది.

"మా, పోదాం పద," అంది రోజా.

"ఉండు," అంది కామమ్మ. గుమ్మం కట్టె పట్టుకుంది. "సార్, ఆ కవరు జారతాది. నేను నిన్న చూసినాను. వేలు జారితే అక్షరం ఎట్టా వస్తుంది? అది తీసి ఒకసారి కొట్టనీయండి."

పద్మనాభయ్య ఇబ్బందిగా వాణి వైపూ, బయటి వైపూ చూశాడు. "నాకేం పట్టింపు లేదమ్మా. నేనూ తింటాను. వచ్చేవాళ్ళు, పక్కన కూర్చునేవాళ్ళు... వాసనంటారు. నేనేం చేసేది?"

"వస్తుందేమో సార్. నేను కాదనలేదు." కామమ్మ చేతులు రెండూ ముందుకు చాపింది. కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలని. "పుట్టినప్పటి నుంచి ఆ గాలిలోనే ఉండాం. మా వాసన మాకు తెలియదు. మీకు తెలుస్తుంది. అందుకే అడగను వచ్చినా. ఎంత వస్తుంది సార్? కూర్చున్న దూరానికి వస్తుందా? ఏం రుద్దితే పోతుందో చెప్పండి, అదే రుద్దుతాను. నిమ్మకాయతో చేతులు పుండ్లు చేసుకుంది బిడ్డ. ఇంట్లో చేపలు కట్ట దాటించినాను. దాన్ని నేను కూడా ముట్టుకోవడం మానేసినాను. ఇంకా వస్తుందా? ఎవరికి వచ్చిందో వాళ్ళే చెప్పండి."

పద్మనాభయ్య బోర్డుల అంచులు ఒకదాని మీద ఒకటి సరిపెట్టాడు. సరిపెట్టినవే మళ్ళీ సరిపెట్టాడు. లోపల ప్రింటరు కాగితం ఒకటి వదిలి ఆగింది. రోడ్డు మీద బొగ్గు లారీ పోయింది. అద్దాలు కాసేపు అదిరాయి.

రోజా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. నల్లబడిన గోటితో టేపు అంచు గీకింది. ఒక పక్క లేచింది. రెండో పక్కా లాగింది. కవరు ఊడి వచ్చింది. దాన్ని మడిచి పక్కన పెట్టి, ఎడమ బొటనవేలు మీట మీద ఆనించింది. కుడి చేత్తో అంకెలు కొట్టింది. వేలు ఎత్తింది. స్క్రీను మీద చుక్కల అక్షరం పడింది. మళ్ళీ ఆనించింది. వద్దని ఎవరూ అనలేదు.

కామమ్మ చాపిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్లాగే ఉంచింది.

వాణి చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఒకసారి యజమాని వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. రోజా చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"వాసన రాలేదు పెద్దమ్మా," అంది చివరికి, నేల వైపు చూస్తూ. "మొదట్లో అన్ని రోజులు పక్కనే కూర్చున్నా, నాకు రాలేదు. రోజాది పట్టపుపాలెమని తెలిసినాకే వచ్చింది."